వయసు తేలని నల్లమల రాళ్ల మీద పరిశోధన: అమ్మాయిని ప్రోత్సహించవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ జియాలజీ రెండో ఏడాది చదువుతోంది. ప్రాజెక్టుకి నల్లమల శిలలను ఎంచుకుంది. అవి ఎప్పటివో, వాటి పొరల వరుస ఏమిటో ఇంకా పూర్తిగా తేలలేదట. తర్వాత దాని మీదే పీహెచ్‌డీ చేస్తానంటోంది. తేలని విషయం మీద ఐదేళ్లు పెడితే చివరికి చేతిలో ఏముంటుందని మాకు టెన్షన్‌గా ఉంది. గ్రూప్స్ కోచింగ్‌లో చేర్పించడం మేలంటారా?
- ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మాయిని ఆపకండి. మంచి సమస్యనే పట్టుకుంది. పీహెచ్‌డీ సంగతి మాత్రం ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు, ముందు ఈ ప్రాజెక్టు ఎలా చేస్తుందో చూద్దాం. ఆ రాళ్ల వయసు ఇన్నేళ్లయినా ఎందుకు తేలలేదో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది.

మీరు చిన్నప్పుడు దిద్దిన మార్కాపురం పలక ఈ నల్లమల సమూహంలోని కంభం శిలల నుంచి వచ్చిందే. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద ఒత్తిడికీ వేడికీ పలకరాయిగా, ఇంకాస్త మార్పు చెందినచోట ఫిల్లైట్ అనే రాయిగా మారింది. ఇసుక గట్టిపడి క్వార్ట్జైట్ అనే రాయి అయింది. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలల మీద ప్రచురించిన నివేదికలో వీటి వరుసను పేర్చాడు. ఇప్పటి పరిశోధకులు వాడేది చాలావరకు ఆ చట్రమే, వాదనలు మొదలయ్యేదీ అక్కడే.

చిక్కు ఎక్కడంటే, వయసు చెప్పగల శిలాజాలు దొరకనంత పాత రాళ్లివి. పైగా ఇసుకలోని జిర్కాన్ అనే ఖనిజపు రేణువు తన వయసు చెబుతుంది కానీ ఆ ఇసుక ఎప్పుడు పేరుకుందో చెప్పదు. అతి చిన్న వయసు రేణువు కంటే ఆ పొర తర్వాతిదని మాత్రం తెలుస్తుంది. అలా చూస్తే నల్లమల శిలలు సుమారు 166 కోట్ల ఏళ్లకు ఇటువైపువి. మరోపక్క, చెలిమ దగ్గర వీటిని చీల్చుకుని వచ్చిన లాంప్రాయిట్ అనే అగ్నిశిల (కరిగిన శిలాద్రవం గట్టిపడ్డ రాయి) వయసు దాదాపు 142 కోట్ల ఏళ్లు, కాబట్టి శిలలు అంతకన్నా పాతవి. మధ్యలో 24 కోట్ల ఏళ్ల ఖాళీ! డైనోసార్లు పుట్టిన నాటి నుంచి ఇవాళ్టి దాకా గడిచిన కాలం ఇంచుమించు అంతే. తూర్పున వీటిలోకి చొచ్చుకొచ్చిన వెల్లటూరు గ్రానైట్‌ను లెక్కలోకి తీసుకుంటే ఈ ఖాళీ తగ్గుతుంది కానీ, రాయిలోని రుబీడియం కాలక్రమంలో స్ట్రాన్షియంగా మారడాన్ని కొలిచే పద్ధతిలో కట్టిన పాత లెక్కల మీద పూర్తి భరోసా పెట్టుకోలేం. రాయి మళ్లీ వేడెక్కితే ఆ గడియారం చెదిరిపోతుంది.

పోల్చి చూస్తే, పక్కనే పడమటి వైపు తాడిపత్రి శిలల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల సిల్ (పొరల మధ్య పరుచుకుని గట్టిపడ్డ అగ్నిశిల) వయసు 188.5 కోట్ల ఏళ్లని చాలా కచ్చితంగా తేలింది. అగ్నిశిల దొరికితే పని ఇలా సులువవుతుంది. కానీ ఆ అంకెను తెచ్చి నల్లమలకు అంటించలేం. పడమటి అంచున, రుద్రవరం లైన్ అనే చోట, నల్లమల శిలలు పక్క శిలల మీదికి తోసుకొచ్చాయి. పైన ఉన్నది తర్వాతిదే అనే మామూలు సూత్రం అక్కడ పనిచెయ్యదు. లోపల మడతలు. ఒకే క్వార్ట్జైట్ గుట్ట రెండుసార్లు కనిపిస్తే అవి రెండు పొరలా, మడత పడి తిరిగొచ్చిన ఒకటేనా? అలల గుర్తులు, వాలుపొరల తీరు, పొరకూ పలక చీలికకూ మధ్య కోణం చూసి ఏది పైవైపో తేల్చాలి. అది నడిచి, కొలిచి చేసే పని.

అందుకే నా సలహా ఇది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నల్లమల వయసు తేల్చడం లక్ష్యంగా పెట్టుకోవద్దని చెప్పండి. రాళ్లను కొలుస్తూ నడిచే ఒక చిన్న గీత, నాలుగైదు కిలోమీటర్లు చాలు. పొరల పైకిందులు తేల్చి, మ్యాపు గీసి, రాళ్ల పలుచని కోతలు మైక్రోస్కోపులో చూస్తే అది పూర్తయిన పని. జిర్కాన్ ఫలితం రాకపోయినా డిగ్రీ ఆగదు. ల్యాబ్ తేదీ మీద ఆధారపడ్డ ప్రాజెక్టులు నెలల తరబడి నిలిచిపోవడం విద్యార్థులకు నిజంగా బాధాకరం. టైగర్ రిజర్వ్ పరిధిలోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి, దీన్ని చివరి నెలకి వదలొద్దు.

ఇక ఉద్యోగం. జియోలాజికల్ సర్వేలాంటి చోట్ల కొలువులకు యూపీఎస్సీ జరిపే కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్షకు వయసు 21 నుంచి 32. మెయిన్స్ మొదటి పేపర్లో స్ట్రక్చరల్ జియాలజీ (రాళ్ల మడతలు, చీలికలు), సెడిమెంటాలజీ (పేరుకున్న రాళ్లు), స్ట్రాటిగ్రఫీ (పొరల వరుస) ఉంటాయి. రెండో పేపర్లో ఐసోటోప్ జియాలజీ (రాళ్లకు వయసు కట్టడంలాంటివి), మెటమార్ఫిక్ పెట్రాలజీ (వేడికీ ఒత్తిడికీ మారిన రాళ్లు). నల్లమలలో ఆమె చేతులతో చేసేది ఈ సిలబస్సే! జియోలాజికల్ సర్వేకి బండ్లగూడలో కార్యాలయం, శిక్షణ సంస్థ ఉన్నాయి, బేగంపేటలో అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్, ఉప్పల్‌లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ. మంగంపేట ముగ్గురాయి, అగ్నిగుండాల సీసం, రాగి ఈ నల్లమల శిలల్లోనివే. పొరల వరుస తెలియకుండా అలాంటి ఖనిజం కోసం ఎక్కడ తవ్వాలో చెప్పడం కష్టం.

గ్రూప్స్ పోటీలో ఆమె జియాలజీ చదువు పెద్దగా ఉపయోగపడదు. జియో-సైంటిస్ట్ పరీక్షలో అదే ఆమె బలం. రెండింటికీ సమయం పెట్టగలిగితే ముందు రెండోదానికే పెట్టమంటాను.

పీహెచ్‌డీ ఆలోచన మాత్రం నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వచ్చాకే. మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం వస్తాయి, మీ మీద భారం పడదు. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన పేరు కన్నా ముందు అడగాల్సింది, రాళ్లకు వయసు కట్టే యంత్రం మీద సమయం ఎక్కడి నుంచి వస్తుంది, దానికి ప్రాజెక్టు నిధులున్నాయా అని. సూటిగా జవాబు రాకపోతే వేరే గైడ్‌ను చూసుకోమనండి. ఆయన దగ్గర చేసిన పాత విద్యార్థులతో కూడా ఒకసారి మాట్లాడితే మంచిది.

జియో-సైంటిస్ట్ నోటిఫికేషన్ సాధారణంగా సెప్టెంబరులో, ప్రిలిమ్స్ ఫిబ్రవరిలో ఉంటాయి. ఫీల్డ్ పని వానలు తగ్గాక, డిసెంబరు లోపు ముగించి, జనవరంతా చదువుకి వదిలిపెట్టేలా ఇప్పుడే గైడ్‌తో తేదీలు ఖాయం చేసుకోమనండి.