సంతకం మారనిదే నాయకత్వం మారదు

"పెద్దల అనుభవాన్ని, నాయకత్వాన్ని తరువాతి తరానికి ఎలా అందించాలి? ఇప్పటి పిల్లలకు అసలు వినే ఓపిక ఉందా?" అని అడిగారు. రెండో సగానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. పిల్లలకు ఓపిక నిక్షేపంగా ఉంది. తమ చేతిలో ఏ నిర్ణయమూ లేనిచోట గంటలకొద్దీ కూర్చుని పాత సంగతులు వినే ఓపిక మాత్రం ఎవరికీ ఉండదు, అరవై ఏళ్ళవాళ్ళకూ ఉండదు.

నేను నెల్లూరు జిల్లాలోని ఒక పల్లెకు కోడలిగా వచ్చాను. మా అత్తగారు పొదుపు సంఘంలో మొదటి లీడరు (సంఘాన్ని నడిపే ఇద్దరు లీడర్లలో ఒకరు). ఆమె తరం ఆడవాళ్ళ గురించి ఈ జిల్లా వాళ్ళకు చెప్పనక్కరలేదు. 1991లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు పగలంతా కూలికి వెళ్ళి, రాత్రి లాంతరు దగ్గర పేరు రాయడం నేర్చుకున్నారు. మరుసటి ఏడాది వాళ్ళే సారా దుకాణాల ముందు బైఠాయించారు. వాళ్ళలో దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతటికీ తెలిసింది. పేరు బయటికి రాని ఆడవాళ్ళు ఊరూరా ఉన్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగింది. సారాకు పోయే డబ్బులో రోజుకు రూపాయైనా దాచుకుందామని కూడబలుక్కుని పెట్టుకున్నవే మా పొదుపు లక్ష్మి సంఘాలు.

అంతటి ఆడవాళ్ళు పెట్టిన సంఘాల్లోనే నాయకత్వం ఒకే చేతిలో గడ్డకట్టుకుపోవడం నేను చూశాను. లీడర్లు మారుతూ ఉండాలని అందరూ ఒప్పుకుంటారు. తీర్మానాల పుస్తకంలో మార్చినట్టు రాస్తారు కూడా. కానీ బ్యాంకుకు ఎవరు వెళ్ళాలి, అప్పు ఎవరికివ్వాలి, ఊళ్ళోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం సమావేశంలో ఎవరు మాట్లాడాలి అనేవి పాత లీడరు ఇంటి అరుగు మీదే తేలుతాయి. మహిళా సర్పంచి కుర్చీ పక్కన ఆమె భర్త కూర్చుని పంచాయతీ నడిపితే మనమందరం తప్పుపడతాం. కోడలి పేరు ముందు పెట్టి వెనుక అత్త నడిపితే మాత్రం "పెద్దదిక్కు" అంటాం. నా దృష్టిలో రెండూ ఒకటే.

మా అత్తగారు అలా చేయలేదు. అందుకే ఈ జవాబు రాయాలనిపించింది.

ఆమె పెద్దగా చదువుకోలేదు. లెడ్జరులో అంకెలు కూడబలుక్కుని చదివేది. కానీ ఎవరింటికి డబ్బు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో మొత్తం ఆమె బుర్రలో ఉండేది. పాల కేంద్రం పదిహేను రోజులకోసారి ఇచ్చే బిల్లు మీద బతికే ఇల్లేది, వరి కోతలదాకా రూపాయి కనబడని ఇల్లేది, రొయ్యల గుంటల దగ్గర కూలికి వెళ్ళేవాళ్ళెవరు, ఎవరి మగవాడు కూలి డబ్బు ఇంటికి తెస్తాడు, ఎవరి మగవాడు తేడు. వాయిదా తేదీ పెట్టే ముందు ఇవన్నీ లెక్క వేసేది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఇదంతా పాఠంలా చెప్పలేదు. పొదుపు వసూలుకు వెంట తీసుకువెళ్ళేది. దారిలో ఒక ముక్క, తిరిగి వచ్చేటప్పుడు ఒక ముక్క. కొంతకాలానికి నాకే తెలిసిపోయింది.

2009లో సంఘం సమావేశంలో తీర్మానం రాయించి, నన్ను మొదటి లీడరును చేసి, అదే వారం బ్యాంకులో సంతకాలు మార్పించింది. ఆ తరువాత జరిగిన మొదటి సమావేశం నాకు బాగా గుర్తు. ఒక సభ్యురాలి భర్త తాటిచెట్టు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆమెకు ఇరవై వేలు కావాలి. పాత అప్పు ఇంకా సగం ఉంది. పాతది తీరకుండా కొత్తది ఇవ్వకూడదని మా సంఘం నియమం. సగంమంది ఇవ్వాలన్నారు, సగంమంది కుదరదన్నారు. గొంతులు పెరిగాయి. చివరికి అందరూ అలవాటుగా మా అత్తగారి వైపు తిరిగి, "నువ్వు చెప్పక్కా, నీ మాటే మాట" అన్నారు. ఆమె చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తకుండానే "లీడరు అక్కడుంది, ఆమెను అడగండి" అంది. మళ్ళీ నోరు విప్పలేదు.

నేను ఆ సభ్యురాలికి పూచీ ఎవరుంటారని అడిగాను. ఇద్దరు చేయెత్తారు. పది వేలు ఇప్పుడు, మిగతాది పాత అప్పులో రెండు వాయిదాలు కట్టాక అని తేల్చి తీర్మానం రాయించాను. కొందరికి నచ్చలేదు. ఒకామె లేచి వెళ్ళిపోయింది. అప్పుడు కూడా మా అత్తగారు నన్ను వెనకేసుకు రాలేదు, కాదనీ అనలేదు. ఒక మాటతో ఆమె గొడవ ఆపగలిగేది. ఆపి ఉంటే నేను ఆ రోజుతోనే పేరుకు మాత్రం లీడరునయ్యేదాన్ని.

ఇంటికి నడిచి వస్తూ అడిగింది: "వచ్చినవాళ్ళ సంగతి బాగానే చూశావమ్మాయీ. రాని మనిషిని చూశావా?"

నిజమే, ఒకామె రెండు సమావేశాలుగా రావడం లేదు. మరునాడు పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. సంగతేమిటంటే, ఆమె సూక్ష్మ రుణ కంపెనీలు రెండింటి దగ్గర అప్పు తీసుకుంది. వారంవారం వసూలుకు మనుషులు వచ్చి వాకిట్లో కూర్చుంటున్నారు. ఆమె కట్టకపోతే ఆమెతోపాటు గుంపుగా అప్పు తీసుకున్న మిగతా ఆడవాళ్ళు కట్టాలి కనుక వాళ్ళూ వచ్చి కూర్చుంటున్నారు. పొదుపు కట్టలేక, మొహం చూపించలేక సంఘానికి రావడం మానేసింది. అప్పు అడిగి అరిచిన మనిషి కంటే ఎక్కువ కష్టంలో ఉన్నది అడగడానికి రాని మనిషి. తరువాతి సమావేశంలో ఆమె పరిస్థితి అందరికీ చెప్పి, ఒక కంపెనీ అప్పు తీరేంత మొత్తం సంఘం నుంచి ఇచ్చాం. మా దగ్గర వడ్డీ నూటికి రూపాయి. మరుసటి ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ కంపెనీల వారపు వసూళ్ళకు కళ్ళెం వేసింది. అప్పటిదాకా ఆమెను నిలబెట్టింది సంఘమే.

"రాని మనిషిని చూశావా" అన్న మాట మా అత్తగారు నాకు సమావేశానికి ముందే చెప్పి ఉంటే విని మరచిపోయేదాన్ని. నిర్ణయం నా చేత చేయించి, నలుగురిలో తలదూర్చకుండా, ఒంటరిగా ఉన్నప్పుడు అడిగింది కనుక మనసులో నాటుకుంది. ఇప్పటికీ సమావేశంలో హాజరు పిలిచేటప్పుడు ముందు ఖాళీగా ఉన్న చోటు మీదే నా చూపు పడుతుంది.

ఇక శిక్షణల గురించి ఒక మాట. ఎప్పుడు శిక్షణ అన్నా పాత లీడర్లనే పిలుస్తారు, వాళ్ళకు ఇదివరకే తెలిసిన విషయాలే మళ్ళీ చెబుతారు. ఏదైనా సభకు జనం కావలసినప్పుడు మాత్రం చిన్నవాళ్ళను కూడా బస్సు ఎక్కిస్తారు. ఇప్పుడు సంఘం లెక్కలన్నీ ఫోనులోకి వచ్చాక ఇంకో అన్యాయం మొదలైంది. డిగ్రీ చదివిన అమ్మాయిని పిలిచి "నీకు ఫోను బాగా వచ్చు కదా, ఇవి ఎక్కించు" అంటారు. అప్పు ఎవరికివ్వాలో ఆ అమ్మాయిని ఒక్కరూ అడగరు. అంకెలు ఎక్కించే పని అప్పగించి, యువతరానికి బాధ్యత ఇచ్చామని చెప్పుకోవడం నాకు అసహ్యం. పాత లీడరుకు శాలువా కప్పి సన్మానం చేసి, మరునాడు మళ్ళీ ఆమె దగ్గరికే పాసు పుస్తకం తీసుకువెళ్ళడం కూడా అంతే.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: డబ్బు మీద నిర్ణయం ముందు ఇవ్వండి, జ్ఞానం దాని వెంటే వెళ్తుంది. "ముందు అనుభవం రానీ, తరువాత చూద్దాం" అనే పెద్దలు ఎప్పటికీ ఇవ్వరు. ఇచ్చాక పక్కనే ఉండండి, కానీ సమావేశంలో నోరు విప్పకండి. అది చాలా కష్టమైన పని, మా అత్తగారికి కూడా కష్టంగానే ఉండేదని ఆ చింతపండు మీద ఆమె చేతులు చూస్తేనే తెలిసేది.

మా సంఘంలో ఇప్పుడు మొదటి లీడరు డిగ్రీ చదివిన ఒక అమ్మాయి. నేను మామూలు సభ్యురాలిని. మీ ఊరి సంఘం సంగతి తెలుసుకోవాలంటే లీడరు ఎవరని అడగకండి, బ్యాంకు ఖాతాలో సంతకం ఎవరిదో అడగండి. మార్చడానికి సంఘం తీర్మానం, కొత్త లీడర్ల ఆధార్, ఫొటోలు పట్టుకుని బ్యాంకుకు వెళ్ళాలి. ఆ కాస్త పనికి ఏళ్ళ తరబడి తీరిక దొరకలేదని చెప్పేవాళ్ళు నాయకత్వం అందించడం గురించి ఎంత చక్కగా మాట్లాడినా నేను నమ్మను.