సగం డబ్బు ముందే ఇవ్వమంటున్న కాంట్రాక్టరు

ప్రశ్న: హైదరాబాదులో 22 ఏళ్ల క్రితం కట్టిన అపార్టుమెంటులో, రెండో అంతస్తులో మా ఫ్లాటు ఉంది. మా బాత్రూము నుండి కింది ఇంటి పైకప్పులోకి నీరు దిగుతోంది. రెండు బాత్రూములు, వంటగది కొత్తగా చేయించాలనుకుంటున్నాం. బంధువులు పంపిన కాంట్రాక్టరు మెటీరియల్‌తో కలిపి మొత్తం పని 6 లక్షలకు చేస్తానని, సగం ముందే ఇవ్వాలని చీటీ రాసిచ్చారు. తెలిసినవారి మనిషి కావడంతో ఒప్పందం అడగడానికి మొహమాటంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఈ మొహమాటం వల్ల మీకే కాదు, ఆయనకూ నష్టమేనమ్మా. చీటీలో ‘మొత్తం పని’ అని మాత్రమే ఉంటే, పగలగొట్టిన టైల్స్‌ను కిందికి దించి బండికెత్తించే ఖర్చు ఎవరిదన్న తగాదా మొదటి వారంలోనే వస్తుంది. ఏ గదిలో ఎన్ని చదరపు అడుగుల టైల్స్, అవి ఎంత ధరలో, పైపులు ఏ కంపెనీవి, సింకు కింది అరకు తడిని తట్టుకునే, ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వేస్తారా లేదా అన్నవన్నీ విడివిడిగా రాయించుకుని ఇద్దరూ సంతకాలు చేయండి.

సగం డబ్బు ముందే ఇవ్వవద్దు. సామాను కొనడానికి కొంత అడ్వాన్సు అడగడం న్యాయమే కానీ, నా లెక్కలో అందుకు పదో వంతు చాలు. మిగిలినది తేదీలను బట్టి కాక, పూర్తయిన పనిని బట్టి చిన్న చిన్న విడతలుగా ఇవ్వండి. ఆయన కూలీలకు వారం వారం డబ్బు ఇచ్చుకోవాలి కనుక, పని సరిగ్గా ఉన్నప్పుడు మీరూ ఆలస్యం చేయకూడదు. చివరి పదో వంతును పని ముగిసిన నెల తరువాతే ఇస్తామని ముందే రాసుకోండి.

అసలు కీలకం బాత్రూము నేల. పాత టైల్స్, వాటి కింద నింపిన ఇటుక ముక్కలు పూర్తిగా తీయించి, స్లాబు కనిపించేదాకా శుభ్రం చేయించి, పైపు స్లాబులోకి దిగే చోట చుట్టూ గ్రౌటుతో, అంటే సందులు పూడ్చే సిమెంటు మిశ్రమంతో నింపించి, గోడా నేలా కలిసే మూలలు గుండ్రంగా పూయించిన తరువాతే వాటర్‌ప్రూఫింగ్ పూత మొదలుపెట్టాలి. ఆ పూత రెండు పొరలుగా, గోడ మీదికి కనీసం అడుగు ఎత్తు, షవరు వైపు ఇంకా పైదాకా ఉండాలి. అది ఆరాక నీరు పోయే దారులన్నీ మూసి, నేల నిండా నీళ్లు నిలబెట్టి, మట్టం దగ్గర గోడ మీద పెన్సిలు గీత పెట్టి 48 గంటలు ఆగండి. మట్టం బాగా తగ్గినా, కింది ఇంటి పైకప్పులో కొత్త చెమ్మ కనిపించినా, పూత మళ్లీ వేయాల్సిందే. అంతవరకూ టైల్ మేస్త్రీని రానివ్వకండి. పని ఆగుతుందని చాలామంది ఈ పరీక్ష దాటవేస్తారు. మా అమ్మగారి ఇంట్లో పండుగ తొందరలో నేనే ఆ రెండు రోజులు వదిలేశాను. ఆరు నెలలకే కొత్త టైల్స్ పగలగొట్టించాల్సి వచ్చింది. ఆ దుమ్ములో ఆమె పడిన అవస్థ నాకింకా బాధగానే ఉంది.

గోడల్లో పైపులు, వైర్లు మూసేముందు, పక్కన కొలత టేపు పెట్టి ఫోటోలు తీసుకోండి. స్తంభాలకు, దూలాలకు గాడి కొట్టనివ్వవద్దు. అసోసియేషన్ అనుమతి, కింది ఇంటివారికి ముందుగా చెప్పడం తప్పనిసరి.

డబ్బు బ్యాంకు ద్వారానే చెల్లించండి. పని మధ్యలో వదిలేస్తే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, వివాదం తలెత్తిన రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు ఆ రశీదులు, సంతకాల కాగితమే మీకు ఆధారం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఒప్పుకునేముందు ఆయన కనీసం రెండు వానాకాలాల క్రితం చేసిన బాత్రూము ఒకటి చూపించమని అడిగి, దాని కింది ఇంటివారితో స్వయంగా మాట్లాడండి.