వింగర్‌లో రెండో బ్యాటరీ పెట్టాలంటే: ఇంట్లోని ఇన్వర్టర్ బ్యాటరీ పనికొస్తుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: టాటా వింగర్‌లో వెనక సీట్లు తీసేసి మంచం, చిన్న ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, మిక్సీ పెట్టుకుని కుటుంబంతో తిరగాలనుకుంటున్నారు. ఇంట్లో ఖాళీగా పడున్న 150 ఏహెచ్ (యాంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యం కొలత) ట్యూబులర్ బ్యాటరీని, దాని ఇన్వర్టర్‌ని తెచ్చి వ్యాన్‌లో పెట్టి, ముందున్న బ్యాటరీకి వైర్లు కలిపేస్తే సరిపోతుందా అన్నది ప్రశ్న.

దయచేసి అలా కలపకండి. మేము ఫోర్స్ ట్రావెలర్‌ను ఇలాగే మార్చుకుని చాలాకాలంగా తిరుగుతున్నాం. అమ్మకు ఇన్సులిన్ కావాలి, ఇంకా వాడటం మొదలుపెట్టని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అందుకే మా వ్యాన్‌లో రాత్రి కరెంటు పోకూడదన్నది మొదటి నియమం. ఆ పట్టుదలతో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

రెండు బ్యాటరీలను నేరుగా కలిపితే ఇంజిన్ ఆపాక రెండూ కలిసే దిగిపోతాయి. రాత్రంతా ఫ్యాన్లు తిరిగితే తెల్లారి సెల్ఫ్ కొట్టదు. ట్యూబులర్ బ్యాటరీతో వేరే చిక్కులు కూడా ఉన్నాయి. అది యాసిడ్‌తో కలిపి 50 కిలోలకు పైనే ఉంటుంది, ఎత్తు ఎక్కువ, మలుపుల్లో కదిలితే యాసిడ్ చిమ్ముతుంది. చార్జింగ్ అయ్యేటప్పుడు మండే వాయువు హైడ్రోజన్ వదులుతుంది. పిల్లలు పడుకునే చోట అది ఉండకూడదు. 150 ఏహెచ్ అని రాసి ఉన్నా రోజూ సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. చివరి 20 శాతం నిండడానికి గంటలు తీసుకుంటుంది కాబట్టి మూడు నాలుగు గంటల డ్రైవింగ్‌లో పూర్తిగా నిండదు. ఇక ఇంటి ఇన్వర్టర్‌లోని చార్జర్ 230 వోల్టుల కరెంటు ఉంటేనే పనిచేస్తుంది, రోడ్డు మీద దానితో ఉపయోగం తక్కువ. దాన్ని ఇంట్లోనే ఉంచండి.

అందరూ ఎన్ని ఏహెచ్ బ్యాటరీ కొనాలన్న దగ్గర మొదలుపెడతారు. నేనైతే మే నెలలో ఒక రాత్రికి ఎంత కావాలన్న దగ్గర మొదలుపెట్టమంటాను. యూట్యూబ్‌లో కనిపించే వ్యాన్లు ఎక్కువగా యూరప్, అమెరికావి. వాళ్ల బాధ చలి, మన బాధ ఎండ. వాళ్లు బ్యాటరీని వెచ్చగా ఉంచడానికి హీటర్ పెడతారు, మనం చల్లగా ఉంచే చోటు వెతుక్కోవాలి. ఈ ఒక్క తేడాతో ప్లాన్ అంతా మారిపోతుంది.

మీ లెక్క సుమారుగా వేస్తాను. 12 వోల్టుల ఫ్యాన్లు రెండు, ఒక్కోటి 25 వాట్లు, 8 గంటలు: 400 వాట్-అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చేది). 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ నడిచినప్పుడు 50 వాట్ల వరకు తీసుకుంటుంది. వేసవిలో రోజులో సగం సేపు నడుస్తుందనుకుంటే 600. లైట్లకు 60, ల్యాప్‌టాప్, ఫోన్లకు 200. 750 వాట్ల మిక్సీ ఆరు నిమిషాలు తిప్పితే 75. మొత్తం 1335. వైర్లలో, ఇన్వర్టర్‌లో పోయేది కలిపి 1500 అనుకోండి. అంటే ఇంటి మీటర్ భాషలో ఒకటిన్నర యూనిట్లు.

ట్యూబులర్‌కు బదులు తీసుకోవాల్సింది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. 12.8 వోల్టుల 100 ఏహెచ్ దానిలో ఉండేది 1280 వాట్-అవర్లు. అందులో 80 నుంచి 90 శాతం వాడుకోవచ్చు. కాబట్టి మీకు ఒకటి చాలదు, 200 ఏహెచ్ కావాలి. మబ్బు పట్టిన రోజున కూడా ఫ్రిజ్ ఆగదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని ఖర్చు ఒకటి ఉంది. ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే ఏమీ నడవకపోయినా 10 నుంచి 15 వాట్లు తాగుతూనే ఉంటుంది. రోజంతా వదిలేస్తే 240 నుంచి 360 వాట్-అవర్లు, అంటే ఒక ఫ్యాను రాత్రంతా తిరిగినదానికంటే ఎక్కువ. అందుకే ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, ఫోన్ చార్జింగ్ అన్నీ 12 వోల్టులవే తీసుకోండి. ఇన్వర్టర్ మిక్సీకి, ల్యాప్‌టాప్‌కి మాత్రమే, పని అయ్యాక ఆఫ్. మిక్సీ స్టార్ట్ అయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది కాబట్టి 1500 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటు లాంటిదే ఇచ్చే) ఇన్వర్టర్ తీసుకోండి. ఇండక్షన్ స్టవ్ ఆలోచన మానుకోండి. 2000 వాట్లంటే 12 వోల్టుల వైపు 170 యాంపియర్లు దాటుతుంది, మొత్తం సిస్టమ్ దానికోసమే కట్టాల్సి వస్తుంది. ఏసీ సంగతీ అంతే.

ఇప్పుడు చార్జింగ్. మెకానిక్‌లు డైనమో అనే ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగితే కరెంటు తయారుచేసేది) నుంచి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టి రెండో బ్యాటరీకి కలపడం పాత పద్ధతి. లిథియంతో అది ప్రమాదం. దాని లోపలి నిరోధం చాలా తక్కువ కాబట్టి డైనమో ఎంత ఇవ్వగలిగితే అంతా లాగేస్తుంది. విశాఖ నుంచి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు ఆలోచించండి: బండి నెమ్మదిగా పోతుంది, బానెట్ కింద గాలి ఆడదు, ఇంజిన్ వేడి. అప్పుడు డైనమో పూర్తి లోడ్ మీద ఉంటే వైండింగ్ కాలిపోతుంది. బ్యాటరీలోని బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) ఉన్నట్టుండి కట్ చేస్తే వోల్టేజ్ ఎగిరి డైనమో డయోడ్లు పోయే అవకాశం కూడా ఉంది. పైగా 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) బళ్లలో చాలావాటికి డైనమోను కంప్యూటర్ అదుపు చేస్తుంది. ముందున్న బ్యాటరీ నిండిందనుకుంటే వోల్టేజ్ తగ్గించేస్తుంది, అప్పుడు రిలే పెట్టినా వెనక బ్యాటరీ నిండదు.

వీటన్నిటికీ మందు డీసీ టు డీసీ చార్జర్. ముందు నుంచి ఎంత వోల్టేజ్ వచ్చినా వెనక బ్యాటరీకి కావలసిన 14.2 నుంచి 14.6 వోల్టులు ఇస్తుంది, తన హద్దుకు మించి లాగదు. 30 యాంపియర్లది చాలు. విజయవాడ నుంచి విశాఖకు సుమారు 350 కిలోమీటర్లు, ఆరేడు గంటలు పడుతుంది. గంటకు 30 చొప్పున 180 ఏహెచ్ పైనే ఎక్కుతుంది, అంటే దిగేసరికి బ్యాటరీ దాదాపు నిండి ఉంటుంది. చార్జర్‌కి ఇగ్నిషన్ వైరు కూడా ఇవ్వండి, ఇంజిన్ ఆన్‌లో ఉంటేనే పనిచేయాలి. ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద సెన్సర్ ఉంటే నెగటివ్‌ను టెర్మినల్‌కి కాకుండా చాసిస్ ఎర్త్‌కి కట్టండి. లేకపోతే బండి కంప్యూటర్ లెక్క తప్పుతుంది.

రోజూ నాలుగు గంటలు నడిపేవాళ్లకు సోలార్ అదనపు ధీమా మాత్రమే. ఒకే చోట మూడు రోజులు ఆగేవాళ్లకు అదే ప్రాణం. పైకప్పు మీద 400 వాట్లు పరిచి పెడితే మన ఎండలో రోజుకు ఒకటింబావు యూనిట్ దాకా ఆశించొచ్చు, వర్షాకాలంలో అందులో మూడో వంతు వచ్చినా సంతోషమే. ప్యానెల్ వేడెక్కేకొద్దీ పవర్ తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.35 నుంచి 0.4 శాతం. 65 డిగ్రీలకు చేరిన ప్యానెల్ 15 శాతం దాకా పోగొట్టుకుంటుంది. కప్పుకి అతికించే పల్చటి ప్యానెళ్లు వద్దు. అల్యూమినియం ఫ్రేమ్ ఉన్నవి, కింద నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ వదిలి బిగించండి. గాలి ఆడుతుంది, కప్పుకి నీడ కూడా అవుతుంది. అయితే మే నెలలో మీరు బండిని ఎండలో పెట్టరు, చింతచెట్టు నీడ వెతుక్కుంటారు. అప్పుడు కప్పు మీది ప్యానెల్ దండగ. అందుకే మొత్తం పైకే ఎక్కించకుండా ఒక ప్యానెల్ పది మీటర్ల వైరుతో విడిగా ఉంచుకోండి, దాన్ని ఎండలో నేల మీద వాల్చుకోవచ్చు. మాకు ఇదే ఎక్కువ పనికొచ్చింది.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త వైర్ల దగ్గర కావాలి. మా బండికి మొదట పనిచేసిన వర్క్‌షాప్ వాళ్లు ఫ్రిజ్‌కి 1.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగారు. బ్యాటరీ నిండా ఉన్నా ఫ్రిజ్ మాటిమాటికీ ఆగిపోయేది. మల్టీమీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 13 వోల్టులు, కంప్రెసర్ స్టార్ట్ అయిన క్షణంలో ఫ్రిజ్ సాకెట్ దగ్గర 11.7. సిగరెట్ లైటర్ సాకెట్ చేత్తో ముట్టుకుంటే వేడిగా తగిలేది. బ్యాటరీ అయిపోయిందనుకుని ఫ్రిజ్ తనంతట తానే ఆగిపోతోందన్నమాట. 4 స్క్వేర్ ఎంఎం వైరు వేసి, ఆ సాకెట్ తీసేసి స్క్రూ బిగించే కనెక్టర్ పెట్టాక మళ్లీ ఆగలేదు.

ముందు నుంచి వెనక చార్జర్‌కి వెళ్లే వైరు ఇంకా ముఖ్యం. పోను రాను కలిపి 10 మీటర్లు, 35 యాంపియర్లు అనుకుంటే 6 స్క్వేర్ ఎంఎంలో ఒక వోల్టు పోతుంది, 16 స్క్వేర్ ఎంఎంలో 0.4 కూడా పోదు. 16 వేయండి. కొనేటప్పుడు కొస దగ్గర ఒక తీగను బ్లేడుతో గీకి చూడండి. ఎర్రటి పూత కింద తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, తీసుకోకండి. లగ్గులు (వైరు కొసకు బిగించే లోహపు ముక్కలు) సుత్తితో కొట్టించకండి. హైడ్రాలిక్ క్రింపర్ (లగ్గును నొక్కి బిగించే పనిముట్టు) ఉన్నచోట చేయించి, పట్టుకుని గట్టిగా లాగి చూడండి. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అడిగితే దొరుకుతుంది. వైరు రేకును దాటే ప్రతి రంధ్రానికి రబ్బరు బుష్ ఉండాలి. అది లేక మన రోడ్ల కుదుపులకు ఇన్సులేషన్ అరిగితే పాజిటివ్ నేరుగా బాడీకి తగులుతుంది.

ఫ్యూజ్ కాపాడేది వైరును, వస్తువును కాదు. కాబట్టి అది ఫ్యాను పక్కన ఉంటే లాభం లేదు, బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి. ముందు నుంచి వెనక్కి వెళ్లే వైరుకు రెండు కొసల్లోనూ బ్యాటరీ ఉంది, కాబట్టి రెండు కొసల్లోనూ 60 యాంపియర్ల ఫ్యూజ్ ఉండాలి. ఇన్వర్టర్‌కి 50 స్క్వేర్ ఎంఎం కేబుల్, 200 యాంపియర్ల క్లాస్-టి ఫ్యూజ్. షార్ట్ అయితే లిథియం నుంచి వేల యాంపియర్లు వస్తాయి. మామూలు ఫ్యూజ్ కరిగినా లోపల నిప్పురవ్వ ఆరకపోవచ్చు, క్లాస్-టి రకం 20,000 యాంపియర్లనైనా ఆపేలా చేసింది. ఇంటి ఎంసీబీలు (లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్‌లు) డీసీకి, అంటే బ్యాటరీ కరెంటుకు, వాడనివ్వకండి. ఇంట్లో వచ్చే ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి రవ్వ ఆరిపోతుంది, డీసీలో ఆ అవకాశం ఉండదు.

బ్యాటరీ ఎక్కడ పెట్టాలి? మే నెలలో తలుపులు మూసి ఎండలో వదిలిన వ్యాన్ లోపల 55, 60 డిగ్రీలు అవుతుంది. చాలా బీఎంఎస్‌లు ఆ వేడిలో చార్జింగ్ ఆపేస్తాయి, సెల్స్ ఆయుష్షు కూడా తగ్గుతుంది. కిందుగా, మంచం కింద, కిటికీ ఎండ పడనిచోట పెట్టండి. వెనక తలుపు పక్కన వద్దు. డీసీ టు డీసీ చార్జర్ చేతితో పట్టుకోలేనంత వేడెక్కుతుంది. దాన్ని బ్యాటరీ పెట్టెలో బంధించకుండా విడిగా, గాలి ఆడేచోట నిలువుగా బిగించండి. చలి గురించి లంబసింగి దాకా వెళ్లేవాళ్లకు దిగులు అక్కర్లేదు. లద్దాఖ్ వెళ్లాలంటే మాత్రం సున్నా డిగ్రీల కింద చార్జింగ్ ఆపే బీఎంఎస్ ఉందో లేదో చూసి కొనండి.

లాడ్జి దగ్గరో, బంధువుల ఇంటి దగ్గరో ప్లగ్ దొరికితే నింపుకోవడానికి 20 యాంపియర్ల లిథియం చార్జర్ ఒకటి ఉంచుకోండి. బయటి నుంచి వచ్చే కరెంటుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి. ఎర్త్ ఉందో లేదో టెస్ట్ చేశాకే పెట్టండి, మొత్తం రేకు బండి అని మర్చిపోకండి.

పని మొదలుపెట్టే ముందు ఆర్టీవోలోను, ఇన్సూరెన్స్ వాళ్లతోను మాట్లాడండి. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సీట్లు తగ్గించడం ఆ కిందికి వస్తుంది.

మీ డైనమో మీద ఎన్ని యాంపియర్లని రాసి ఉందో, బండి ఏ సంవత్సరందో, ముందు బ్యాటరీ నుంచి మంచం దాకా వైరు వెళ్లే దారి ఎన్ని మీటర్లో కొలిచి చెప్పండి. వైరు సైజు, ఫ్యూజులు మీ బండికి సరిపోయేలా లెక్క వేసి ఇస్తాను.