హాస్టల్ గొడవలో నన్ను అడక్కుండానే సస్పెండ్ చేశారు. అపాలజీ లెటర్ రాసివ్వాలా?

తమ్ముడూ, నువ్వు రాసింది చదివాను. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ రెండో ఏడు. హాస్టల్ గొడవలో నీ పేరు కూడా కలిపి, 15 రోజులు సస్పెండ్ అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సోమవారం నాయనను తీసుకొచ్చి అపాలజీ లెటర్ ఇస్తే చూస్తామన్నారు. ఆ లెటర్ మాత్రం రాయకు. చేయని పనికైతే అస్సలు రాయకు. నేను రాసి దెబ్బతిన్నాను.

2012లో నల్లగొండలో డిగ్రీ చదివేవాణ్ని. ఐపీఎల్ మ్యాచ్ నడుస్తుంటే రాత్రి హాస్టల్లో టీవీ పగిలింది. అప్పుడు నేను క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతున్నా. తెల్లారి నోటీసు బోర్డు మీద పదకొండు పేర్లు, నాది ఏడోది. మా నాయన దేవరకొండ దిక్కు నుంచి బత్తాయి తోటలో పని ఆపుకొని బస్సెక్కి వచ్చాడు. ఆఫీసులో ఒక తెల్లకాగితం ముందు పెట్టారు, టేబుల్‌కు దారంతో కట్టేసిన పెన్ను ఇచ్చారు. క్లర్కు చెబుతుంటే నేను రాశాను, 'నేను చేసిన తప్పుకు క్షమించగలరు' అని. ఏ తప్పో అందులో లేదు. నేను ఆగితే నాయన తువ్వాల చేతిలో నలుపుతూ "పెట్టు బిడ్డా, ఒక్క సంతకంతోని పోతది" అన్నాడు.

పోలేదు. మూడు వారాలకు మెమో వచ్చింది, హాస్టల్ నుంచి తీసేస్తున్నాం, రెండు వేలు ఫైన్ కట్టాలి అని. కారణం: విద్యార్థి తానే తప్పు ఒప్పుకున్నాడు. కింద నా లెటర్ జిరాక్సు. నాయన ఎక్కడో చేబదులు తెచ్చి ఫైన్ కట్టాడు.

మా ఊరాయన ఒకరు కోర్టులో ప్లీడరు గుమస్తా. ఆయన హైకోర్టు, రిట్టు అని భయపెట్టలేదు. అరపేజీ లెటర్ రాయించాడు. మూడే మూడు అడిగాం. నా మీద ఉన్న ఫిర్యాదు కాపీ ఇవ్వండి, నా జవాబు విన్నాకే నిర్ణయం తీసుకోండి, ఆ రాత్రి వాచ్‌మన్ రిజిస్టరు తెప్పించండి. బయటి లెటర్లు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో, తీసుకుంటాం గానీ ముద్ర వెయ్యం అన్నారు. ముద్ర లేకపోతే ఇచ్చినట్టే కాదని ఆయన ముందే చెప్పి ఉన్నాడు. వెనక్కి తీసుకొని రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. వాళ్లు సంతకం పెట్టిన అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు ఇప్పటికీ నా సర్టిఫికెట్ల ఫైల్లో ఉంది.

పది రోజులకు కమిటీ పిలిచింది. నలుగురు కూర్చున్నారు. అందులో ఒకాయన నా మీద ఫిర్యాదు రాసిన వార్డెనే! నాకు నోరు పెగల్లేదు. నువ్వైతే అడుగు. ఫిర్యాదు చేసినవాడే తీర్పు చెప్పేవాళ్లలో ఉండకూడదు, ఎదుటివాడి మాట వినకుండా శిక్ష వేయకూడదు. సహజ న్యాయ సూత్రాలు అనేవి ముఖ్యంగా ఈ రెండే. సరే, రిజిస్టరు తెచ్చారు. 8.40కి బయటికి పోయినట్టు నా సంతకం, 10.15కి వచ్చినట్టు ఇంకోటి. టీవీ పగిలింది తొమ్మిదిన్నరకని వార్డెన్ సారే ఫిర్యాదులో రాశాడు. నా పేరు కొట్టేశారు. రెండు వేలు మాత్రం రాలేదు, అడిగి అడిగి ఊరుకున్నా.

ఇలా వినడం కాలేజీ మనకు చేసే ఉపకారమేం కాదు. ఉత్తరప్రదేశ్ హైస్కూల్, ఇంటర్ పరీక్షల బోర్డు ముగ్గురు విద్యార్థులు పరీక్షలో అక్రమాలు చేశారని, వాళ్లను ఒక్క మాట అడక్కుండా ఫలితాలు రద్దు చేస్తే, అది చెల్లదని 1962లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఘనశ్యాం దాస్ గుప్తా కేసు అంటారు. అట్లాగని కోర్టులోలాగా లాయర్ని పెట్టుకొని అందరినీ నిలదీయవచ్చు అనుకోకు. రాంచీ మెడికల్ కాలేజీలో అబ్బాయిలు అమ్మాయిల హాస్టల్లోకి చొరబడ్డారన్న కేసులో, అమ్మాయిల వాంగ్మూలాలు ఆ అబ్బాయిల ఎదుట తీసుకోకపోయినా తప్పు లేదని 1973లో ఇదే సుప్రీంకోర్టు అంది. నన్నడిగితే అది సరైన మాటే. ఆ అమ్మాయిలు మళ్లీ అదే కాలేజీలో తిరగాలి కదా. కానీ అక్కడ కూడా అబ్బాయిలకు ఆరోపణ ఏమిటో చెప్పి, రాతలో జవాబు తీసుకున్నారు. నీకు ఆ మాత్రం కూడా చేయలేదు.

అపాలజీ బదులు నువ్వూ మేమడిగిన ఆ మూడూ అడుగుతూ లెటర్ రాయి. అందులో ఇంకో రెండు చేర్చు. ఇది విచారణ అయ్యేదాకా దూరంగా ఉంచడమా, శిక్షా? రెండూ వేరు. ఆ 15 రోజుల అటెండెన్స్ సంగతేమిటి? ఇప్పుడు అడగకపోతే హాల్ టికెట్ల టైమ్‌లో అదొక టెన్షన్.

వాళ్లు పలక్కపోతే, 2023 యూజీసీ నిబంధనల కింద కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, దానికి రాయి. వీలైనంతవరకు 15 పనిదినాల్లో అది రిపోర్టు ఇవ్వాలి. అదీ నచ్చకపోతే 15 రోజుల్లోపు యూనివర్సిటీలో విద్యార్థుల అప్పీళ్లు వినే అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మీది పాలమూరు యూనివర్సిటీ కింది కాలేజీ అయితే అక్కడికే. హైకోర్టుకు పోవడం అన్నిటికన్నా ఆఖరున. ఎస్సీ, ఎస్టీలకు, ఆడపిల్లలకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లాయర్ ఉచితం.

నువ్వు చెప్పిన గొడవ జూనియర్లను ఏడిపించిన గొడవ అయితే మాత్రం లెక్క వేరు. ర్యాగింగ్ కేసు పోలీసుల దాకా పోతుంది, ముందు లాయర్‌తో మాట్లాడు.

సోమవారం లెటర్ రెండు కాపీలు పట్టుకెళ్లు. ఈ సంగతంతా నాయనకు బస్సులోనే చెప్పు. ఆఫీసులో కాగితం ముందు పెట్టగానే సంతకం పెట్టు బిడ్డా అని ముందు అనేది ఆయనే.