ఒప్పందం మీద పోట్లాడితే తప్పా? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం సమ్మెల గురించే ఉన్నాయి. పర్లాకిమిడి నుంచి వచ్చిన ప్రశ్నకి ఎక్కువ చోటు ఇచ్చాను, అది నా మనసుకి దగ్గరగా తగిలింది కాబట్టి.

ప్రశ్న: మాస్టారూ, నెలకోసారి పది పదిహేనుమందిమి కలిసి ఎవరు రాసినవి వాళ్లు చదువుకుంటాం. మొన్న ఒకాయన హాలీవుడ్ రచయితల సమ్మెల గురించి మాట్లాడారు. 2008లో జరిగిన ఒప్పందం నాయకులు అమ్ముడుపోయి చేసుకున్నదని ఒక మిత్రుడు, వంద రోజులు పస్తులుండి సాధించినదాన్ని తిట్టేవాడు యూనియన్‌కి ద్రోహం చేసినట్టేనని ఇంకో మిత్రుడు. ఇరవై ఏళ్ల స్నేహం, టీ కూడా తాగకుండా చెరోవైపు వెళ్లిపోయారు. ఎక్కడో అమెరికావాళ్ల సమ్మె, మనకెందుకు అన్నానని ఇద్దరూ నా మీద పడ్డారు. ఎవరిది కరెక్ట్? (ఒక పాఠకుడు, పర్లాకిమిడి)

జవాబు: మనకెందుకు అన్నారు చూడండి, ముందు దానికే నేను ఒప్పుకోను. రాసి బతికేవాడి కూలి ఎలా లెక్క కట్టాలి అన్న ప్రశ్న అక్కడా ఇక్కడా ఒకటే. పైగా మీ ఊరు ఎలాంటి ఊరు! గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు, రాసేవాళ్లు ఏ భాషలో రాయాలి అని పండితులతో ఏళ్ల తరబడి తలపడిన మనిషి తిరిగిన వీధులు. రచయితలు గొడవపడటం మీ ఊరికి కొత్త కాదు.

2008 నాటి కోపం అర్థం కావాలంటే 1985 నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు వీడియో క్యాసెట్లు కొత్త. అక్కడి సినిమా, టీవీ రచయితల యూనియన్ అయిన రైటర్స్ గిల్డ్ ఆ ఏడాది సమ్మెకు దిగి, లోపలే చీలిక వచ్చి, రెండు వారాలకే విరమించింది. కంపెనీలు ఏమన్నాయంటే, క్యాసెట్ తయారీకి ఖర్చు ఎక్కువ, ఈ వ్యాపారం ఇంకా పసిగుడ్డు, అందుకని వచ్చిన డబ్బులో 20 శాతాన్ని మాత్రమే ఆదాయం కింద లెక్కేసి అందులోంచి మీ వాటా ఇస్తాం అన్నాయి. ఆ 20 శాతంలో ఒకటిన్నర శాతం. అంటే మొత్తం మీద 0.3 శాతం, వంద రూపాయలకి ముప్పై పైసలు. సరే అన్నారు. తర్వాత క్యాసెట్ పోయి డీవీడీ వచ్చింది, తయారీ ఖర్చు బాగా పడిపోయింది, అమ్మకాలు ఎక్కడికో వెళ్లాయి, ఆ ముప్పై పైసల లెక్క మాత్రం అక్కడే కూర్చుంది. 2007లో దాన్ని రెట్టింపు చేయమని అడిగారు, సమ్మెకు ముందురోజు ఆ డిమాండ్‌ని కూడా వెనక్కి తీసుకున్నారు. ఒక్క సంతకం 22 ఏళ్లు ఎలా వెంటాడిందో ఆ తరం కళ్లతో చూసింది.

అందుకే 2007 నవంబర్ 5న రోడ్డెక్కినప్పుడు అందరి నోటా ఇంటర్నెట్ మాటే, క్యాసెట్ విషయంలో జరిగింది మళ్లీ జరగకూడదు అన్నదే. 2008 ఫిబ్రవరి 12న సమ్మె ముగిసింది. వచ్చిందేమిటి? ఇంటర్నెట్ కోసం రాసినవి కూడా గిల్డ్ పరిధిలోకి వచ్చాయి, డౌన్‌లోడ్‌లకి ఒక రేటు వచ్చింది, ఉచితంగా నెట్‌లో చూపించే టీవీ కార్యక్రమాలకి ఒప్పందం మొదటి రెండేళ్లు ఇంతని ఒక మొత్తం, మూడో ఏడు నుంచి పంపిణీదారుడికి వచ్చే డబ్బులో 2 శాతం అన్నారు. చిన్న విషయం కాదు. కానీ మొదటి 17 రోజులు, కొత్త కార్యక్రమమైతే 24 రోజులు, కంపెనీ ఏమీ ఇవ్వకుండా నెట్‌లో చూపించుకోవచ్చు అని అందులోనే ఉంది. ఒక ఎపిసోడ్‌ని జనం ఎక్కువగా చూసేది ఎప్పుడు? ఆ మొదటి రోజుల్లోనే. సంత జరిగే రోజు వదిలేసి మిగతా రోజులకి సుంకం రాసిచ్చినట్టుంది అని అప్పుడు చదివితే నాకనిపించింది, ఇప్పటికీ అదే అనిపిస్తుంది. ఇంకో బాధ, జనవరిలో దర్శకుల సంఘం ముందుగా వెళ్లి ఒప్పందం చేసుకుంది, రచయితలకి చివరికి దక్కింది చాలావరకు ఆ మూసలోనే ఉంది.

సభ్యుల ఓటులో 93.6 శాతం సరే అన్నారు. అయినా వద్దన్నవాళ్లు నోరు మూసుకోలేదు. హార్లన్ ఎలిసన్ అని పేరున్న కథకుడు, అరవైల నుంచి అక్కడ టీవీకి రాసినవాడు, ఇది ఓటమే అని అందరికీ వినబడేలా చెప్పాడు. మరుసటి ఏడాది తను రాసిన ఒక పాత ఎపిసోడ్ ఆధారంగా చేసి అమ్మిన వస్తువుల ఆదాయంలో తన వాటా కోసం స్టూడియో మీద దావా వేస్తూ, తన తరఫున నిలబడలేదని గిల్డ్ మీద కూడా ఒకే ఒక్క డాలర్‌కి దావా వేశాడు. అది డబ్బు కోసం వేసిన దావా కాదని వేరే చెప్పాలా.

ఇప్పుడు ద్రోహం అన్న మాట దగ్గరికి వస్తాను, ఎందుకంటే అక్కడ రెండు రకాల మనుషులున్నారు, మీ రెండో మిత్రుడు ఇద్దరినీ ఒకే గాటన కట్టేశారు. 2008 ఏప్రిల్‌లో గిల్డ్ తూర్పు, పడమర శాఖల అధ్యక్షులిద్దరూ 28 మంది పేర్లు బయటపెట్టారు. వాళ్లు సమ్మె నడుస్తుండగా పూర్తి సభ్యత్వం వదులుకుని 'ఫైనాన్షియల్ కోర్' అనే హోదాకి మారినవాళ్లు. యూనియన్ సాధించిన రేట్లూ సౌకర్యాలూ అన్నీ వస్తాయి, చందాలో చాలా భాగం కట్టాలి, ఓటు ఉండదు, సమ్మెలో పని చేసుకున్నా యూనియన్ శిక్షించలేదు. పేర్లు అచ్చు వేయడం నాకు నచ్చలేదు, కానీ తోటివాళ్లు బయట నిలబడి ఉండగా లోపలికి వెళ్లి రాసినవాళ్ల మీద కోపం రావడం నాకు అర్థమవుతుంది. వంద రోజులూ బయటే నిలబడి, చివరి రోజు కాగితం చదివి 'ఇది చాలదు' అని చేయెత్తినవాడి సంగతి వేరు. అతన్ని ద్రోహి అంటే ఇక యూనియన్‌లో ఓటు ఎందుకు పెట్టినట్టు?

కాబట్టి మీ మొదటి మిత్రుడి కోపం న్యాయమైనది, 'అమ్ముడుపోయారు' అన్న మాట మాత్రం అన్యాయం. ఇంటి అద్దె కట్టలేనివాళ్లు, పిల్లల ఫీజుల టెన్షన్‌లో ఉన్నవాళ్లు వేల మంది వెనక నిలబడి ఉంటే, ఇంకో నెల లాగాలా ఇక్కడితో ఆపాలా అని తేల్చాల్సిన మనిషి పరిస్థితి ఒకసారి ఊహించుకోమనండి.

నా అనుభవం కూడా చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట బరంపురంలో మేం నలుగురం ఒడియా సీరియళ్లకి తెలుగు మాటలు రాసేవాళ్లం. పేజీకి పాతిక రూపాయలు పెంచమని పని ఆపేశాం. ఆరు రోజులకి పదిహేను పెంచారు, ఎంత సంతోషమో, ఆ సాయంత్రమే కాగితం మీద సంతకాలు పెట్టేశాం. మాలో పెద్దాయన ఒక్కరే పెట్టలేదు. కాగితం అడుగున 'అన్ని మాధ్యమాలకు, శాశ్వతంగా' అని ఉంది, పదిహేను రూపాయలు వచ్చే ఏడాదికి కరిగిపోతాయి, ఈ ముక్క కరగదు అన్నారు. ఐకమత్యం చెడగొడుతున్నాడని ఆయనతో మాట్లాడటం మానేశాం. తర్వాత అవే సీరియళ్లు ఫోన్లలో ఆడాయి, మాకు పైసా రాలేదు, అడగడానికి నోరూ లేదు. తప్పు మాదేనని ఆయన ఇంటికెళ్లి చెప్పడానికి నాకు ఐదేళ్లు పట్టింది. మీ మిత్రులిద్దరినీ అంతకాలం ఆగనివ్వకండి.

అందుకే ఏ ఒప్పందం వచ్చినా నేను ముందు చూసేది ఎంత శాతం పెరిగిందన్నది కాదు, దేని మీద శాతం, ఏది లెక్కలోకి రాదు అన్నది. 2025 ఆగస్టులో హైదరాబాద్ సినీ కార్మికులు 30 శాతం అడిగితే, మూడేళ్ల మీద విడతలుగా 22.5 శాతానికి తేలింది. పత్రికలన్నీ ఆ అంకె చుట్టూనే తిరిగాయి. రోజుకూలికి అది పెద్ద విషయమే, కాదనను. కానీ కూలి రేటు మళ్లీ మూడేళ్లకి చర్చకొస్తుంది, లెక్క కట్టే పద్ధతి ఒకసారి స్థిరపడితే కదిలించడానికి ఒక తరం పడుతుంది.

ప్రశ్న: మరి హాలీవుడ్ రచయితల 2023 సమ్మె ఒప్పందానికి దాదాపు అందరూ ఒప్పుకున్నారట కదా, అందులో లోపమే లేదా? (ఒక పాఠకురాలు, రాయగడ)

జవాబు: 148 రోజుల సమ్మె అమ్మా అది, మే 2 నుంచి సెప్టెంబర్ 27 తొలిగంటల దాకా. ఓటులో అవునన్నవాళ్లు 8,435 మంది, కాదన్నవాళ్లు 90 మంది. అంత ఏకాభిప్రాయం ఊరికే రాలేదు. యంత్రం రాసినదాన్ని రచనగా లెక్కించకూడదు, ఏఐ వాడి తీరాలని రచయితని బలవంతపెట్టకూడదు, ఇచ్చిన సరుకులో యంత్రం రాసింది ఉంటే కంపెనీ ముందే చెప్పాలి అని రాయించుకున్నారు. స్ట్రీమింగ్‌లో బాగా ఆడినవాటికి అదనపు బోనస్ వచ్చింది. నాకు గుచ్చుకునేది ఒకటుంది. రచయితల పాత స్క్రిప్టులతో ఆ యంత్రాలకి శిక్షణ ఇవ్వడాన్ని ఒప్పందం ఆపలేదు, అది తప్పని వాదించే హక్కు మాత్రం రచయితల దగ్గర ఉంచింది. 1985లో క్యాసెట్ ఎక్కడుందో ఇప్పుడు ఇది అక్కడుందని నా భయం. ఆ 90 మంది ఏ కారణాలతో కాదన్నారో గానీ, నేనైతే ఈ ఒక్క విషయం మీద వాళ్ల పక్కన కూర్చునేవాణ్ణి.

ప్రశ్న: మా నాన్న బొంబాయి మిల్లులో నేత కార్మికుడు. 1982 సమ్మెతో అంతా పోయి మా ఊరొచ్చేశాం. ఒప్పందం బాగుందా బాగోలేదా అని మీరు వాదించుకుంటున్నారు, మాకు ఆ భాగ్యం కూడా దక్కలేదు. ఏదో ఒక ఒప్పందం ఉండటమే మేలు కదా? (ఒక పాఠకుడు, బల్లార్‌పూర్)

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఆ సమ్మె ఫలానా రోజున ముగిసిందని ఈరోజుకీ ఎవరూ అధికారికంగా చెప్పలేదు. అక్కడి చిక్కు కూడా సంతకం దగ్గరే వచ్చింది. 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం ఆ పరిశ్రమ తరఫున మాట్లాడే హక్కు ఒకే ఒక్క గుర్తింపు సంఘానిది, కార్మికులేమో ఆ సంఘాన్ని వదిలేసి సామంత్ వెంట వెళ్లారు. జనం ఎవరి వెంట ఉన్నారో వాళ్లతో మాట్లాడటానికి యజమానులూ ప్రభుత్వమూ ఒప్పుకోలేదు. మీ నాన్నగారిలాంటి తెలుగు నేతగాళ్లు ఎందరో ఆ మిల్లుల్లో ఉండేవారు. ఏదో ఒక ఒప్పందం మేలు అని మీరంటే కాదనే ధైర్యం నాకు లేదు. ఒక్క మాట అంటాను: మీ నాన్నగారి చేతికి ఏ కాగితమూ రాకపోవడానికి కారణం వాళ్లు అతిగా వాదించడం కాదు, వాళ్లు ఎన్నుకున్న మనిషిని బల్ల దగ్గర కూర్చోనివ్వకపోవడం.

ప్రశ్న: వి.వి.గిరి గారు మా బరంపురంలోనే పుట్టారని స్కూల్లో చెప్పారు. ఆయన కార్మిక నాయకుడంటారు, ఏం చేశారు? (ఒక ఇంటర్ విద్యార్థిని, బరంపురం)

జవాబు: అవునమ్మా, 1894 ఆగస్టు 10న, మన ఊళ్లోనే, అప్పటికి ఇది మద్రాసు ప్రెసిడెన్సీ. డబ్లిన్‌లో లా చదివారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నిలబెట్టారు, ఖరగ్‌పూర్‌లో 1927 సమ్మె నడిపారు. నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది 1954 సంగతి. అప్పుడాయన కేంద్ర కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం మార్చేస్తే, ఒప్పుకోలేక మంత్రి పదవికి రాజీనామా ఇచ్చేశారు. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, కోర్టో సర్కారో బలవంతంగా తీర్పు రుద్దకూడదు అన్నది ఆయన నమ్మకం. రాష్ట్రపతి అయ్యారని అందరూ చెప్తారు, నువ్వు పరీక్షలో ఈ రాజీనామా గురించి కూడా రాయి.

ప్రశ్న: ఒక షార్ట్ ఫిల్మ్‌కి కథ, మాటలు రాశాను. నాలుగు వేలిచ్చి 'సర్వహక్కులు, ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాలకు' అన్న కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టనా? (ఒక పాఠకుడు, సిరొంచ)

జవాబు: ఇప్పుడే పెట్టకండి. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించారు, చాలామంది కొత్త రచయితలకి ఆ సంగతే తెలీదు. హక్కులు రాసిచ్చే నాటికి లేని మాధ్యమానికి, దాని పేరు పెట్టి కాగితంలో రాయకపోతే, ఆ రాసివ్వడం వర్తించదు. సినిమాలో భాగమైన మీ రచనని థియేటర్లో కాకుండా ఇంకోచోట వాడుకుంటే వచ్చే రాయల్టీలో సమాన వాటా మీది, దాన్ని వదులుకుంటున్నానని మీరు రాసిచ్చినా అది చెల్లదు. ఎంతకాలం అన్నది రాయకపోతే ఐదేళ్లే, ఏ ప్రాంతానికి అన్నది రాయకపోతే భారతదేశం వరకే. ఆ 'రాబోయే' అన్న మాట కొట్టేయమనండి, ఏ మాధ్యమాలో ఒక్కొక్కటీ పేరు పెట్టి రాయమనండి, ఎన్నేళ్లో వేయమనండి. ఒప్పుకోకపోతే ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపండి, లాయర్‌గా ఉన్న ఒక మిత్రుడికి చూపించి వచ్చే నెల ఇక్కడే జవాబు రాస్తాను. అప్పటిదాకా స్క్రిప్టు చివరి పేజీలు మీ దగ్గరే ఉంచుకోండి.