కిందికి దిగిన నీటిని మళ్లీ పైకి తోడటం నష్టం కాదా?

ప్రశ్న: కొన్ని జలవిద్యుత్ కేంద్రాల్లో, కరెంటు తయారయ్యాక కిందికి చేరిన నీటినే మళ్లీ కరెంటు ఖర్చుపెట్టి పై జలాశయంలోకి తోడుతారని చదివాను. తోడటానికి పట్టే కరెంటు, తిరిగి వచ్చేదానికంటే ఎక్కువే కదా? ఆ కరెంటును బ్యాటరీల్లోనే దాచుకోకూడదా?

జవాబు: మీ లెక్క సరైనదే. నాలుగు యూనిట్లు ఖర్చుపెట్టి నీటిని పైకి తోడితే తిరిగి చేతికి వచ్చేది సుమారు మూడు యూనిట్లే. మిగిలింది గొట్టాల్లో నీటి రాపిడికి, యంత్రాల్లో పుట్టే వేడికి పోతుంది. అయినా దీన్ని నష్టంగా చూడటం సరికాదు. ఇలా నీటిని పైకి తోడి దాచే పంప్డ్ స్టోరేజీ కేంద్రం పని కరెంటును అదనంగా పుట్టించడం కాదు, మిగులు ఉన్న వేళనుంచి కొరత ఉన్న వేళకు దాన్ని చేరవేయడం.

గ్రిడ్‌లో, అంటే కేంద్రాలనూ వాడకందారులనూ కలిపే కరెంటు తీగల వలలో, ఏ క్షణాన ఎంత వాడకం ఉంటే ఆ క్షణాన అంత ఉత్పత్తీ ఉండాలి. ఉత్పత్తి చాలకపోతే జనరేటర్ల వేగం, దానితోపాటు 50 లేదా 60 హెర్ట్జ్ వద్ద నిలవాల్సిన పౌనఃపున్యం (సెకనుకు కరెంటు ఎన్నిసార్లు ముందుకూ వెనక్కీ ఊగుతుందో ఆ సంఖ్య) తగ్గుతాయి. మరీ తగ్గితే, యంత్రాలు దెబ్బతినకుండా కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి గ్రిడ్‌నుంచి విడిపోతాయి. చల్లారిన బొగ్గు కేంద్రం పూర్తిస్థాయికి రావడానికి గంటలు పడుతుంది. సౌర ఫలకాలేమో సరిగ్గా దీపాలు వెలిగే వేళకే ఉత్పత్తి ఆపేస్తాయి. నీరు మాత్రం పిలిస్తే పలుకుతుంది: వేల్స్‌లో 1984లో ప్రారంభమైన డినార్విగ్ కేంద్రం, టర్బైన్లను (నీటి తాకిడికి తిరిగే చక్రాలను) ముందే తిప్పుతూ సిద్ధంగా ఉంచితే, ఇరవై సెకన్లలోపే వెయ్యి మెగావాట్లకు పైగా అందించగలదు. ఇలాంటి చాలా కేంద్రాల్లో పంపు, టర్బైన్ వేర్వేరు కావు. ఒకే యంత్రం ఒకవైపు తిరిగితే కరెంటు ఇస్తుంది, ఎదురు తిరిగితే నీటిని ఎత్తుతుంది.

అయితే నీటిలో దాగే శక్తి మనం ఊహించేదానికంటే చాలా తక్కువ. వెయ్యి లీటర్ల నీరు 100 మీటర్లు దిగితే, ఏ నష్టమూ లేదనుకున్నా, వచ్చేది 0.27 యూనిట్లే, వెయ్యి వాట్ల హీటరు పావుగంట నడవడానికి అది సరిపోతుంది. అందుకే అంత పెద్ద జలాశయాలు కావాలి, ఎత్తు రెట్టింపైతే సగం నీరు చాలు కనుక కొండలను వెతకాలి.

బ్యాటరీల విషయానికొస్తే, లిథియం అయాన్ బ్యాటరీలు పెట్టినదాంట్లో ఎనభై అయిదు శాతం, కొన్నిసార్లు అంతకు మించి తిరిగి ఇస్తాయి. స్పందించడంలో నీటికంటే ఎంతో చురుకైనవి కూడా. కానీ వాటి సామర్థ్యం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది, నిల్వ గంటలు పెంచాలంటే అంతకంత సెల్స్ చేర్చాలి. రెండు మూడు గంటల అవసరానికి బ్యాటరీ, రాత్రంతా నడవాలంటే నీరు మేలని నా అభిప్రాయం. కరిగిన లవణాల్లో సూర్యుడి వేడిని దాచడం, జర్మనీలోని హంటార్ఫ్‌లో 1978నుంచి చేస్తున్నట్లు భూగర్భ గుహల్లో గాలిని కుక్కి ఉంచడం వంటి దారులూ ఉన్నాయి.

జలాశయాలు నేలను, అడవిని ముంచుతాయన్న అభ్యంతరం న్యాయమైనదే. నదిని ఆపకుండా, దానికి దూరంగా రెండు చెరువులు కట్టి ఒకసారి నింపిన నీటినే పైకీ కిందికీ తిప్పే పద్ధతిలో ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది. ఆవిరై, ఇంకిపోయిన నీటిని మాత్రం మధ్యమధ్య భర్తీ చేయాలి.