‘నమ్మకంగా పనిచేయాలి’ అన్న షరతును అంకెల్లో పెట్టేదెలా?

పంపుహౌస్ కంట్రోల్ ప్యానెల్ టెండర్లో ‘వ్యవస్థ నమ్మకంగా పనిచేయాలి’ అని రాసి ఉంది, దీన్ని కొలిచేదెలా అని అడిగారు కదా.

అంకెల జోలికి వెళ్లేముందు, ఏది జరిగితే ఫెయిల్యూర్ కింద లెక్కో తేల్చుకోండి. లెవెల్ సెన్సర్ తప్పు చూపిస్తోంది, మోటారు మాత్రం మాన్యువల్‌లో తిరుగుతోంది. ఇది ఫెయిల్యూరా, కాదా? కాంట్రాక్టరు కాదంటాడు, మీరు అవునంటారు. ‘ట్యాంకు లో-లెవెల్‌కు పడ్డాక 60 సెకన్లలో పంపు ఆటోలో స్టార్ట్ కాకపోతే ఫెయిల్యూర్’ అని రాస్తే ఆ గొడవే ఉండదు. కరెంటు పోతే లెక్కలోకి వస్తుందో రాదో కూడా అక్కడే తేల్చాలి.

ఆ తర్వాత అవైలబిలిటీ, అంటే మొత్తం సమయంలో వ్యవస్థ పనిచేసే స్థితిలో ఉండే శాతం: ఎంటీబీఎఫ్‌ను (ఒక ఫెయిల్యూర్‌కీ మరోదానికీ మధ్య సగటున నడిచే గంటలు), ఎంటీబీఎఫ్ ప్లస్ ఎంటీటీఆర్‌తో (సగటు రిపేరు టైము) భాగించాలి. సగటున 2000 గంటలకోసారి ఆగి 2 గంటల్లో బాగైతే 99.9 శాతం. ఏడాదికి 9 గంటల లోపే ఆగుతుంది. స్పేర్ కార్డు స్టోర్లో లేక ఇంకో 24 గంటలు పట్టిందనుకోండి, 98.7కి పడిపోతుంది, అంటే ఏడాదికి సుమారు 112 గంటలు! ప్యానెల్ అదే, బీరువాలో కార్డు లేదంతే. అందుకే రిపేరు టైము పంపు ఆగిన క్షణం నుంచే లెక్కపెట్టాలి, టెక్నీషియన్ వచ్చిన దగ్గర్నుంచి కాదు.

స్టాండ్‌బై ప్యానెల్ పెడితే రెండూ ఒకేసారి ఆగడం అరుదు కాబట్టి 99 శాతం, 99 శాతం కలిసి 99.99 శాతం అవుతాయని కాగితం మీద చూపిస్తారు. రెండింటికీ ఇన్‌కమర్ బ్రేకర్ (కరెంటు లోపలికి వచ్చేచోట ఉండే మెయిన్ స్విచ్) ఒక్కటే అయితే, అది పోగానే రెండూ ఆగుతాయి, ఆ లెక్క చెల్లదు. సింగిల్ లైన్ డయాగ్రామ్ (కరెంటు ఎటునుంచి ఎటు వెళ్తుందో చూపే పటం) అడిగి చూడండి.

కేటలాగులో ‘ఎంటీబీఎఫ్ 5000 గంటలు’ అని ఉంటే 5000 గంటలు ఆగకుండా నడుస్తుందని కాదు. ఫెయిల్యూర్ రేటు మారకుండా ఉంటే, అక్కడిదాకా ఒక్కసారీ ఆగకుండా వచ్చేవి 37 శాతమే. ఎంటీబీఎఫ్ కనీసం 5000 గంటలుందని 90 శాతం నమ్మకంతో రుజువు చేయాలంటే ఒక్క ఫెయిల్యూర్ కూడా లేకుండా 2.3 రెట్లు, అంటే 11,500 గంటలు నడపాలి. పది యూనిట్లు పక్కపక్కన పెట్టి నడిపినా 48 రోజులు. మధ్యలో ఒకటి ఫెయిలైతే 3.9 రెట్లు కావాలి. ఒక్క పంపుహౌస్ కోసం ఇది అయ్యే పని కాదు. అదే మోడల్ వేరేచోట్ల నడుస్తున్న లాగ్‌బుక్కులు అడగడం మేలు.

రిపేరు టైమును మాత్రం సైటులోనే కొలవచ్చు, తప్పకుండా కొలవండి. కమిషనింగ్ రోజున సప్లయరు సమక్షంలో పవర్ ఆపించి పీఎల్‌సీ (పంపును ఆటోలో నడిపే చిన్న కంప్యూటర్) కార్డు ఒకటి తీయించండి. స్పేర్ వేసి, ప్రోగ్రాం లోడ్ చేసి, పంపు ఆటోలో తిరిగేదాకా స్టాప్‌వాచ్ పెట్టండి. కార్డు మార్చడం నిమిషాల పని. చివరిసారి మార్చిన ప్రోగ్రాం ఎవరి ల్యాప్‌టాప్‌లో ఉందో వెతకడానికే గంటలు పోతాయి.